మనవాళ్ల అబద్ధాలు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామమున మీకందరికీ వందనాలు.

మీరు కలిసి రాసిన ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. "నాయకులందరూ అబద్ధాలే చెబుతారు కదా, వాళ్లలో మంచీ చెడ్డా వెతికి ఏం లాభం?" అన్నది మొదటిది. రెండోది తెలివైనది, చిక్కుది కూడా: "ఆ నాయకుడు విశ్వాసి అయితే మనం క్షమించి వదిలెయ్యాలి కదా? దావీదు రాజును దేవుడు క్షమించలేదా?"

మొదటిదానికి జవాబు చెప్పాలంటే, నాయకుల్ని కాసేపు పక్కన పెట్టి వినేవాళ్ల సంగతి మాట్లాడాలి. బైబిల్లో 1 రాజులు 22వ అధ్యాయం తీయండి.

ఇశ్రాయేలు రాజు అహాబుకు రామోత్గిలాదు పట్టణాన్ని సిరియా వాళ్ల దగ్గర్నుంచి తిరిగి తీసుకోవాలని ఉంది. యూదా రాజు యెహోషాపాతును తోడు రమ్మన్నాడు. యెహోషాపాతు భక్తిపరుడు కాబట్టి ముందు యెహోవా ఏమంటాడో విచారిద్దాం అన్నాడు. అహాబు సుమారు 400 మంది ప్రవక్తల్ని పోగుచేశాడు. అందరిదీ ఒకటే మాట: వెళ్లు, గెలుస్తావు. సిద్కియా అనే అతనైతే ఇనుప కొమ్ములు చేయించుకొచ్చి, వీటితో శత్రువుల్ని పొడుస్తావని చూపించాడు. ఈ రోజుల్లో అయితే టీవీ వాళ్లకు పండగే.

యెహోషాపాతుకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఇంకెవరూ లేరా అని అడిగాడు. మీకాయా అని ఒకడున్నాడు, కానీ వాడంటే నాకు పడదు, నా గురించి ఎప్పుడూ మంచి చెప్పడు అన్నాడు అహాబు. పిలవడానికి వెళ్లిన మనిషి కూడా మీకాయాకు ముందే నూరిపోశాడు: అందరూ ఒకే మాట అన్నారు, నువ్వూ అదే అను. మీకాయా వచ్చి, వెళ్లు గెలుస్తావు అని వాళ్ల మాటే అప్పజెప్పాడు. వెటకారమని అహాబుకు అర్థమైపోయింది. నిజం తప్ప ఇంకేమీ చెప్పొద్దని నీచేత ఎన్నిసార్లు ప్రమాణం చేయించాలి అని విసుక్కున్నాడు.

ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే భయం పుట్టించేది ఆ విసుగే. మీకాయా నోట వినగానే అది అబద్ధమని పట్టేశాడు. అదే మాట 400 మంది చెబుతుంటే మాత్రం హాయిగా కూర్చుని విన్నాడు. నిజం చెప్పమని ఒట్టు పెట్టి అడిగి, వెళ్తే ఓటమేనని చెప్పినవాణ్ని చెరసాలలో వేయించి, కొద్దిపాటి రొట్టె, నీళ్లు ఇవ్వమన్నాడు. అబద్ధాలు వినే రాజుకు ఉద్యోగులందరూ దుష్టులే అవుతారని సామెతలు 29:12లో ఉంది. ఓట్లు వేసే దేశాల్లో ఆ వినే రాజు మనమే. మనకు ఇష్టమైన మాటకు చప్పట్లు, ఇష్టంలేని లెక్క చెప్పినవాడికి తిట్లు. అలా కొన్నేళ్లు సాగితే ఎలాంటి నాయకులు మిగులుతారో చెప్పడానికి ప్రవక్తే కానక్కర్లేదు.

ఇక మన ఇంటి సంగతి. ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ గురించి మీరు సండే స్కూల్లో విన్నారు. చక్రవర్తి ముందు నిలబడి మాట మార్చుకోనన్న ధైర్యశాలి. ఆయన గురించి చెప్పేవాళ్లు 1540 నాటి సంగతిని సాధారణంగా దాటేస్తారు. జర్మనీలో హెస్సె అనే ప్రాంతానికి ఫిలిప్ పాలకుడు. ప్రొటెస్టెంట్లకు పెద్ద రాజకీయ అండ. ఆయన భార్య బతికుండగానే ఇంకో పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. లూథర్, ఆయన సహచరుడు మెలాంక్తన్ వంటి పెద్దలు కాదనాల్సింది పోయి, రహస్యంగా ఉంచితే సరే అన్నట్టు 1539 డిసెంబరులో సలహా రాసిచ్చారు. మార్చిలో పెళ్లి జరిగింది. కొన్ని నెలలకే గుట్టు బయటపడింది. అప్పుడు లూథర్, సంఘం మేలు కోసం ఒక గట్టి అబద్ధం ఆడితే ఏం పోయిందన్న ధోరణిలో మాట్లాడాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమంటారు మన పెద్దలు. ఇక్కడేమో చేసేసిన పెళ్లిని దాచడానికి అబద్ధం!

ఏం మిగిలింది? ఇద్దర్ని పెళ్లాడడం అప్పట్లో తీవ్రమైన నేరం. శిక్షకు భయపడి ఫిలిప్ 1541లో ప్రత్యర్థి అయిన ఐదో చార్లెస్ చక్రవర్తితో ఒప్పందం చేసుకున్నాడు. దాంతో ప్రొటెస్టెంట్ కూటమికి ఉన్న బలం తగ్గింది. ఏ సంఘం కోసం దాచామన్నారో దెబ్బ ఆ సంఘానికే తగిలింది.

లూథర్ను చిన్నబుచ్చాలని కాదు ఇదంతా. ఆయన రాసిన కీర్తన ఇవాళ పొద్దున కూడా పాడుకున్నాను. అంతటి మనిషే 'మనవాడు పడిపోతే మన పని ఏమవుతుంది' అన్న టెన్షన్‌లో తూకం తప్పితే, మీరూ నేనూ ఎంత జాగ్రత్తగా ఉండాలి! అవతలి పక్షం వాడి అబద్ధాన్ని పట్టుకోవడానికి భక్తి అక్కర్లేదు, అది ఎవరైనా చేస్తారు. అబద్ధసాక్ష్యం చెప్పొద్దనే తొమ్మిదో ఆజ్ఞ మనల్ని పరీక్షించేది మనవాడు అబద్ధమాడినప్పుడే.

నాయకుడన్నాక అన్నీ అందరికీ చెప్పెయ్యాలా అని మీరు అడుగుతారు. అక్కర్లేదు. యిర్మీయా 38లో సిద్కియా రాజు (ఇందాకటి కొమ్ములాయన కాదు, వేరే అతను) ప్రవక్తతో రహస్యంగా మాట్లాడి, సంగతి బయట పెట్టొద్దన్నాడు. అధికారులు వచ్చి అడిగితే, తనను ఫలానా ఇంటికి తిరిగి పంపొద్దని రాజును బతిమాలుకున్నానని యిర్మీయా చెప్పాడు. మిగతాది చెప్పలేదు. హేరోదు ముందు యేసు ఒక్క ప్రశ్నకూ జవాబివ్వలేదు. నోరు మూసుకోవడం వేరు, లేనిది ఉందనడం వేరు. ప్రాణం కాపాడడానికైనా అబద్ధం తగదని పాతకాలపు సంఘ పండితుడు అగస్టీను గట్టిగా వాదించాడు. మరి ఐగుప్తులోని హెబ్రీ మంత్రసానులు ఫరోతో చెప్పిన మాట సంగతేమిటని అప్పటినుంచీ వాదన నడుస్తూనే ఉంది. నా మట్టుకు నాకు ఒకటి స్పష్టం: ఆ ఆడవాళ్లు పసిబిడ్డల్ని కాపాడడానికి చంపించేవాడితో ఆ మాట అన్నారు. తనను తాను కాపాడుకోవడానికి ప్రజలతో అబద్ధం చెప్పే అధికారికి వాళ్ల పేరు వాడుకునే హక్కు లేదు.

ఇప్పుడు దావీదు. ఆయన చేసింది చిన్న అబద్ధం కాదు. ఊరియా భార్యతో చేసిన పాపం దాచడానికి అతన్ని యుద్ధం నుంచి పిలిపించి, తాగించి, అదీ పారకపోతే అతని చావు ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు. నాతాను ప్రవక్త వచ్చి 'ఆ మనుష్యుడవు నీవే' అన్నప్పుడు మాత్రం 'నేను పాపం చేశాను' అన్నాడు. దాని పక్కన 1 సమూయేలు 15లో సౌలు రాజును పెట్టి చూడండి. శత్రువుల పశువులతో సహా అన్నీ నాశనం చెయ్యమని దేవుడు చెబితే, చెప్పినదంతా చేశానన్నాడు. మరి ఈ గొర్రెల అరుపులేమిటని సమూయేలు ప్రవక్త అడిగితే, జనం తెచ్చారన్నాడు. చివరికి పాపం చేశానని ఒప్పుకున్నాడు గానీ, ఆ నోటితోనే పెద్దల ముందు నా పరువు నిలబెట్టమని అడిగాడు. 'నా మాటలు ఎవరినైనా బాధపెట్టి ఉంటే' అని మొదలయ్యే ప్రకటనలు చదివినప్పుడల్లా నాకు ఆ గొర్రెల అరుపులు వినిపిస్తాయి.

దావీదు సింహాసనం పోలేదు కదా అంటారు మీరు. పోలేదు. కానీ క్షమించాక కూడా ఆ ఇంటిని కత్తి విడువలేదు. పైగా దావీదును రాజుగా అభిషేకించింది దేవుడు. ఇప్పటి పదవులు ప్రజలు నమ్మి అప్పగించేవి. మనిషిని క్షమించడం ఒకటి, అదే తాళంచెవి మళ్లీ చేతిలో పెట్టడం ఇంకొకటి. 1963లో జాన్ ప్రొఫ్యూమో అనే బ్రిటిష్ మంత్రి తన వ్యక్తిగత వ్యవహారం గురించి పార్లమెంటులో అబద్ధం చెప్పాడు. మార్చిలో చెప్పాడు, జూన్‌లో ఒప్పుకుని రాజీనామా చేశాడు. మళ్లీ పదవి అడగలేదు. లండన్ తూర్పు ప్రాంతంలో పేదలకోసం పనిచేసే ఒక సంస్థకు వెళ్లి, గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, కొన్ని దశాబ్దాలు అక్కడే సేవ చేశాడు. 1975లో ఆ దేశం ఆయన్ను గౌరవించింది కూడా. ఆయన విశ్వాసం సంగతి దేవుడికి తెలుసు. పశ్చాత్తాపం బయటికి ఎలా కనబడుతుందని ఎవరైనా అడిగితే మాత్రం నేను ఆయన్నే చూపిస్తాను.

మీకొక పని. యెహోషాపాతు మీకాయా మాటను చెవులారా విన్నాడు. విన్నాక కూడా అహాబుతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. అహాబు తాను మారువేషం వేసుకుని, నువ్వు మాత్రం రాజవస్త్రాలే వేసుకో అంటే దానికీ ఒప్పుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. మంచివాడు, భక్తిపరుడు, ఎందుకలా చేశాడు? 2 దినవృత్తాంతములు 18వ అధ్యాయం మొదటి వచనం చదివి, మీకేమనిపించిందో రాయండి.

మీ తాతయ్య