ఫ్యాక్టరీ గేటు నుంచి పెళ్లి పందిరి దాకా

2025 ఆగస్టు 14న రజనీకాంత్ 'కూలీ' విడుదలైంది. హైదరాబాద్‌లో సినిమా కార్మికులు పని ఆపేసి ఆ రోజుకి పదకొండో రోజు. వేతనాలు 30 శాతం పెంచాలంటూ ఆగస్టు 4 నుంచి షూటింగులకు వెళ్లడం మానేశారు. థియేటర్ల దగ్గర జనం ఎగబడింది మాత్రం తెర మీది కూలీ కోసం.

తెలుగు సినిమాకు కార్మికుడి కన్నా ముందు రైతే పరిచయం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం జమీందారీ వ్యవస్థ మీద 'రైతుబిడ్డ' తీశారు. తమాషా ఏమిటంటే, దాని వెనక డబ్బు చల్లపల్లి జమీందారుది! మిగతా జమీందార్లకు మింగుడుపడలేదు, వ్యవహారం నిషేధం దాకా వెళ్లింది. తర్వాతి తరం కమ్యూనిస్టుల సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి నుంచి వచ్చింది. మండలిని నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీశారు. 1955లో తాపీ చాణక్య 'రోజులు మారాయి' వచ్చింది. అందులోనూ భూమి గొడవే.

మిల్లు కార్మికుడి బతుకు గట్టిగా కనిపించింది 1969లో, 'మనుషులు మారాలి'తో. అదీ మన దగ్గర పుట్టిన కథ కాదు, మలయాళ 'తులాభారం'కి రీమేక్. భర్త పోయాక ఆకలికి తాళలేక పిల్లలకు విషం పెట్టే కార్మికుడి భార్యగా రెండు భాషల్లోనూ శారదే. మలయాళంలో ఆ పాత్రకు ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. ప్రేక్షకులు ఏడ్చారు, కానీ ఆ ఏడుపు ఒక తల్లి కోసం. యూనియన్ సంగతి వెనక్కి పోయింది.

1980ల మొదట్లో మాత్రం ఎర్రజెండాకు టికెట్లు తెగాయి. 'మా భూమి', మాదాల రంగారావు 'ఎర్ర మల్లెలు', టి.కృష్ణ 'నేటి భారతం' ఆ నాలుగైదేళ్లలోనే వచ్చాయి. తర్వాత ఆ దారిని పట్టుకుని వదలనిది ఆర్.నారాయణమూర్తి.

ఆ జెండాను స్టార్ హీరో ఎలా వాడుకున్నాడో చూడాలంటే 1992 నాటి 'ఘరానా మొగుడు' చాలు. కన్నడ 'అనురాగ అరళితు'కి రీమేక్. విశాఖ పోర్టులో పనిచేసే చిరంజీవి నగ్మా కంపెనీలో చేరి యూనియన్ నాయకుడవుతాడు. అతన్ని దారికి తెచ్చుకోవాలని ఆమె పెళ్లి చేసుకుంటుంది. అక్కడి నుంచి గొడవ ఫ్యాక్టరీ గేటు దాటి ఇంట్లోకి వచ్చేస్తుంది. బోనస్ ఎంత, జీతం ఎంత అని ఎవరూ అడగరు. పెళ్లాం పొగరు దిగిందా లేదా అన్నదే కథ. ఈ కథే తమిళంలో 'మన్నన్', అందులో హీరో రజనీకాంత్. మరుసటి ఏడాది 'ముఠామేస్త్రి'లో కూరగాయల మార్కెట్ కూలీ ఏకంగా మంత్రి అయ్యాడు. కూలీల తరఫున ఒక్కడు కొడితే చాలు, సమ్మెతో పనేముంది?

2025 సమ్మెలో మాత్రం లైట్‌మెన్, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు సహా 24 విభాగాల వాళ్లు కలిసే కూర్చున్నారు. మధ్యలో నిర్మాతలూ, సినిమా కార్మికుల ఫెడరేషన్ నాయకులూ విడివిడిగా చిరంజీవిని కలిశారు. చివరికి తెలంగాణ ప్రభుత్వం జోక్యంతో 18వ రోజున ఒప్పందం కుదిరింది. అడిగిన 30 శాతం ఒకేసారి రాలేదు. రోజు వేతనం స్థాయిని బట్టి, మూడేళ్లలో విడతలుగా పెంపు.