బోటు మంచినీళ్ల ట్యాంకులో డీజిల్ పడితే: అపోహలు - వాస్తవాలు

కృష్ణలో తిరిగే లాంచీలకు, బోట్లకు నీటి ట్యాంకులు, పంపులు, పైపులు బాగుచేయడం నా వృత్తి. బోట్లు తిరగడం మొదలైన ప్రతిసారీ నాకు ఒకే రకమైన ఫోను వస్తుంది. "డెక్కు మీద రెండు మూతలు పక్కపక్కనే ఉన్నాయండీ, కుర్రాడు చూసుకోకుండా డీజిల్ క్యాను మంచినీళ్ల ట్యాంకులో ఒంపేశాడు. కింద వాల్వు తిప్పి ఖాళీ చేశాం, కుళాయిలన్నీ వదిలాం, బ్లీచింగ్ కూడా వేశాం, అయినా వాసన పోవడం లేదు" అని అవతలి గొంతు ఆదుర్దాగా చెబుతుంది. నిజానికి డీజిల్ పడటం వల్ల జరిగే నష్టం కొద్దిదే. ఆ తర్వాత కంగారులో చేసే ఈ మూడు పనుల వల్లే ఖర్చు పదింతలవుతుంది. ఘాట్ దగ్గర నిలబడినవారంతా తలో సలహా ఇస్తారు, ఆ సలహాల్లో ఎక్కువ భాగం విన్నమాటలే. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: వెంటనే కింది నుంచి ఖాళీ చేసి, కుళాయిలు తిప్పి, బ్లీచింగ్ వేస్తే శుభ్రమైపోతుంది.

డీజిల్ నీటికంటే తేలిక. లీటరు నీరు వెయ్యి గ్రాములు తూగితే లీటరు డీజిల్ సుమారుగా 820 నుంచి 850 గ్రాములే తూగుతుంది కాబట్టి అది పైన పొరగా తేలుతుంది, నీటిలో కరిగేది బహు స్వల్పం. అంటే పొరపాటు జరిగిన మొదటి గంటలో పరిస్థితి మీకు ఎంతో అనుకూలంగా ఉంటుంది: చెడ్డదంతా పైన ఒక్కచోటే ఉంది, కింద పైపులోకి వెళ్లే దారిలో ఇంకా నీరే ఉంది. ఆ సమయంలో కింది వాల్వు తిప్పితే ముందుగా పోయేది నీరు. నీటిమట్టం దిగుతున్నకొద్దీ పైనున్న నూనె పొర ట్యాంకు గోడలను, లోపలి అడ్డుపలకలను, మూలలను, చివరికి అడుగును కూడా పూసుకుంటూ దిగుతుంది. పైన అరచేతి మందాన ఉన్నదాన్ని ట్యాంకు మొత్తానికి మన చేతులతో మనమే పులిమినట్టవుతుంది. దానికితోడు కుళాయిలు తిప్పితే ఆఖరున దిగిన ఆ నూనె పంపులోకి, ఫిల్టరులోకి, గీజరులోకి, రబ్బరు గొట్టాల్లోకి చేరుతుంది. నీటి పంపుల్లోని రబ్బరు పొరలు, వాషర్లు చాలావరకు నీటికోసం తయారైనవే, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ట్యాంకు కడగడంతో ముగియవలసిన పని, పంపు విప్పి గొట్టాలు మార్చే పనిగా మారేది ఇక్కడే.

ఇక బ్లీచింగ్ సంగతి. మన విజయవాడలో దీనిమీద ఇంత నమ్మకం ఎందుకుందో నాకు అర్థమవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు సంపుల్లో, ట్యాంకుల్లో బ్లీచింగ్ వేసుకోవడం సరైన పనే, ఎందుకంటే అక్కడ ప్రధాన శత్రువు మురుగునీటి వెంట వచ్చిన క్రిములు. క్లోరిన్ క్రిములను చంపుతుంది, నూనెను కరిగించదు, విడదీయదు. ఇంట్లో నూనె మూకుడును ఎవరూ బ్లీచింగ్‌తో తోమరు కదా, సబ్బుతోనే తోముతారు. ట్యాంకు గోడకు పట్టిన డీజిల్ పొర విషయమూ అంతే. పైగా ఆ పొర కింద దాక్కున్న క్రిములకు క్లోరిన్ సరిగా అందదు కాబట్టి ఆ దశలో వేసిన బ్లీచింగ్ తన అసలు పనిని కూడా పూర్తిగా చేయలేదు. మోతాదు మించితే స్టీలు ట్యాంకుకు గుంటలు పడతాయి, అల్యూమినియం తినుకుపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఏమిటంటే, ఘాటైన క్లోరిన్ వాసన డీజిల్ వాసనను కప్పేస్తుంది. రెండు రోజులు అంతా బాగుందనిపిస్తుంది, మూడోనాడు క్లోరిన్ ఎగిరిపోయాక డీజిల్ వాసన మళ్లీ పైకి వస్తుంది. "బ్లీచింగ్ వేస్తే తగ్గింది, మళ్లీ వేయాలేమో" అని ఇంకో డబ్బా తెచ్చేవారిని నేను తరచుగా చూస్తుంటాను. దయచేసి ఆగండి.

ఒక లాంచీ యజమాని ఇలాగే బ్లీచింగ్ మీద బ్లీచింగ్ వేయించి, చివరికి పర్యాటకుల బుకింగు రద్దయ్యే స్థితి వచ్చాక నన్ను పున్నమి ఘాట్‌కు పిలిచారు. పంపు విప్పితే లోపలి రబ్బరు పొర వంకర తిరిగిపోయి ఉంది, ఫిల్టరు కార్ట్రిడ్జి డీజిల్‌లో నానిన గుడ్డలా ఉంది. డీజిల్ పోసిన కుర్రాడు మాత్రం దూరంగా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఖర్చు తన జీతంలో కోస్తారని భయం. రెండు మూతలూ ఒకే రంగు, ఒకే సైజు, ఒకే తాళంచెవి, పక్కన ఒకటే గరాటు. తెల్లవారుజామున చీకట్లో ఎవరు పోసినా అదే జరిగేది. ఆ మాటే యజమానికి చెప్పాను, "డీజిల్ పోసినందుకు అయిన ఖర్చు తక్కువేనండీ, ఇదంతా తర్వాత చేసిన పనుల ఖర్చు" అని లెక్క వేసి చూపించాను. ఆయన అర్థం చేసుకున్నారు, జీతం కోయలేదు. మరో బోటులో ఒక పెద్దాయన సరంగు, ఇదే పొరపాటు జరగగానే పంపు స్విచ్చి దింపి, కుళాయిలన్నిటికీ గుడ్డపీలికలు కట్టించి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఫోను చేశారు. ఆ బోటులో పంపు, గొట్టాలు అన్నీ నిక్షేపంగా మిగిలాయి.

అందువల్ల చేయవలసిన పని వరుసగా ఇది. మొదట పంపుకు కరెంటు ఆపండి, కుళాయిలు తిప్పనివ్వకండి, ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే వాల్వు మూసేయండి. తర్వాత పై మూత తెరిచి, పైన తేలిన నూనెను పైనుంచే తీయాలి. చేత్తో తిప్పే బ్యారెల్ పంపు గొట్టం కొసను నీటి ఉపరితలం దగ్గరే పట్టుకుని లాగితే చాలావరకు వస్తుంది. నీటిమట్టం తక్కువగా ఉండి చెయ్యి అందకపోతే, ఒక శుభ్రమైన గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దింపి నెమ్మదిగా మంచినీళ్లు ఎక్కించండి. నీరు కింద చేరి నూనెను మూతి దగ్గరకు తెస్తుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయేది గాలిగొట్టం. ట్యాంకు నిండుతున్నప్పుడు డీజిల్ ఆ గొట్టం గుండా బయటికి, నేరుగా నదిలోకి పోతుంది కాబట్టి ముందే దాని కొసకు ఒక డబ్బా కట్టి ఉంచాలి. మిగిలిన పలుచని పొరను నూనెను మాత్రమే పీల్చే ప్యాడ్లతో అద్దాలి. రంపపు పొట్టు వేయకండి, అది నీటినీ పీల్చుకుని మునిగి పైపులకు అడ్డంపడుతుంది.

పైన మెరుపు పొర కనిపించకుండా పోయేదాకా తీశాకే కింది వాల్వు తిప్పాలి. ఆ నీటిని కూడా డ్రమ్ముల్లోకే పట్టుకోవాలి. అప్పుడు సబ్బు వంతు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపి సగం ట్యాంకు నింపి, బోటును కాసేపు నడిపితే లోపల నీరు అటూఇటూ కొట్టుకుని గోడలను కడుగుతుంది. ఆ తర్వాత అదే రకం సబ్బునీటిని అంచుదాకా నింపి కొన్ని గంటలు నిలవ ఉంచాలి, లేకపోతే ట్యాంకు పైకప్పు కడగకుండా మిగిలిపోతుంది. ఇలా రెండు మూడు సార్లు చేసి, నురగ రావడం ఆగేదాకా మంచినీటితో జాడించాలి. చెయ్యి వెళ్లేంత మూత ఉంటే మూలలను గుడ్డతో తుడవాలి, మూత కింది రబ్బరు వాషరు తప్పకుండా మార్చాలి. మరిగే నీళ్లు ప్లాస్టిక్ ట్యాంకును వంచేస్తాయి, కాస్టిక్ సోడా అల్యూమినియంతో కలిస్తే మండే వాయువు పుడుతుంది, కాబట్టి ఆ రెండింటి జోలికి పోవద్దు. నూనె ఆనవాలు పూర్తిగా పోయిన తర్వాత, అన్నిటికన్నా చివర, బ్లీచింగ్‌కు తన చోటు ఉంది: వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పొడి సుమారు 150 గ్రాములు విడిగా బకెట్టులో కలిపి, తేరిన నీటిని మాత్రమే పోసి, నాలుగు గంటలుంచి, పూర్తిగా జాడించి వదిలేయాలి. బ్లీచింగ్‌తో యాసిడ్‌ను ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

అపోహ: కాచి తాగితే సరిపోతుంది, ఆర్‌ఓ ఉంటే భయం లేదు.

నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. డీజిల్‌లోని ఎక్కువ భాగానికి అంతకు ఎంతో ఎక్కువ వేడి కావాలి. కాచడం వల్ల వంటగదికి వాసన పడుతుంది తప్ప నూనె పోదు. ఆర్‌ఓ పొరకు నూనె తగిలితే ఆ పొరే పాడవుతుంది, బొగ్గు ఫిల్టరు కొంత పీల్చుకుని నిండిపోతుంది. పటిక, నిమ్మరసం, వెనిగర్, వంటసోడా ఇవేవీ డీజిల్‌ను తీయవు.

అపోహ: ట్యాంకు నీళ్లు తాగం, బబుల్ క్యాన్లు తెచ్చుకుంటాం, కాబట్టి కొద్దిగా ఉన్నా ఫరవాలేదు.

ఆ నీటితోనే పళ్లు తోముకుంటారు, బియ్యం కడుగుతారు, కంచాలు కడుగుతారు, పిల్లల చేతులు కడుగుతారు. ఇంతకు మించి దీనికి వివరణ అవసరం లేదు.

అపోహ: ప్లాస్టిక్ అయినా స్టీలు అయినా కడిగితే ఒకటే.

స్టీలు నూనెను పీల్చదు, ఓపిగ్గా కడిగితే కొత్తదానిలా అవుతుంది. ఫైబర్ ట్యాంకు లోపలి పూత పగలకుండా ఉంటే దాదాపు అంతే. పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ట్యాంకు మాత్రం డీజిల్‌ను తనలోకి పీల్చుకుంటుంది. గంటల్లో కడిగితే చాలావరకు దక్కుతుంది, రోజుల తరబడి డీజిల్ నిలిచి ఉంటే పైకి శుభ్రంగా కనిపించినా రోహిణి కార్తె ఎండ తగలగానే లోపల దాగిన వాసన నీటిలోకి దిగుతుంది. అలాంటి ట్యాంకు మార్చమనే నేను చెబుతాను. మెత్తని రబ్బరు సంచి ట్యాంకులను కడగడానికి సమయం వృథా చేయకండి.

అపోహ: పెట్రోలు పడినా ఇదే పద్ధతి.

కాదు, ముమ్మాటికీ కాదు. చిన్న బోట్ల అవుట్‌బోర్డు మోటార్లకు వాడే పెట్రోలు ఆవిరి ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది, గాలికంటే బరువైనది కాబట్టి బోటు అడుగున చేరి నిలుస్తుంది. బోటులో మనుషులను దింపేయాలి, తలుపులన్నీ తెరవాలి, మోటారు పంపులు, స్విచ్చులు, ఫోన్లు, పొయ్యి ఏవీ ముట్టకూడదు. పెట్రోలులోని బెంజీన్ నీటిలో కొంత కరుగుతుంది, తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములే. ఇప్పుడు పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ నేరుగా నీటిలోకి వెళ్లిపోతుంది. కాబట్టి పైపొర తీస్తే సరిపోదు, నీరంతా పారబోయవలసిందే, ప్లాస్టిక్ ట్యాంకయితే మార్చవలసిందే. డీజిల్ అయినా, పెట్రోలు అయినా, పెద్ద ట్యాంకులోకి మనిషిని దింపి కడిగించవద్దు. గాలి ఆడని చోట స్పృహ తప్పినవాడిని తీయబోయి రెండోవాడు కూడా పోయిన ఘటనలు మన దేశంలో కొత్తవి కావు.

అపోహ: తీసిన డీజిల్ మళ్లీ ఇంజిన్‌లో పోయవచ్చు, కడిగిన నీళ్లు నదిలో వదిలేయవచ్చు.

నీరు కలిసిన డీజిల్ ఇంజెక్టర్లను పాడుచేస్తుంది, మిగిల్చిన నాలుగు డబ్బుల కోసం ఇంజిన్‌ను బలిపెట్టవద్దు. నది సంగతి అంతకంటే ముఖ్యం. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన నీటినే విజయవాడ తాగుతోంది. సబ్బు కలిపి వదిలితే మెరుపు కనబడకుండా పోతుందే తప్ప నూనె ఎక్కడికీ పోదు, ఇంకా లోతుగా నీటిలో కలుస్తుంది. ఇలా వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం నిషేధిస్తోంది కూడా. డ్రమ్ముల్లో పట్టి, నూనె తేరాక, వాడేసిన నూనెను తీసుకోవడానికి అనుమతి ఉన్నవారికే ఇవ్వండి.

అపోహ: ఆ నీళ్లు తాగినవారికి ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించాలి.

ఇది వినగానే నాకు గుండె ఆగినంత పనవుతుంది. డీజిల్ కడుపులో చేసే హాని కంటే, వాంతిలో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే చేసే హాని ఎంతో పెద్దది. వాంతి చేయించకండి. దగ్గు, ఆయాసం, మగత కనిపిస్తే, లేదా డీజిల్‌నే మింగి ఉంటే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వాసన పసిగట్టి ఒక గుక్క ఉమ్మేసిన తల్లిదండ్రులు రాత్రంతా నిద్రపోకుండా భయపడటం నాకు తెలుసు. వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట ధైర్యాన్నిస్తుంది: పెట్రోలియం నూనెల రుచి, వాసన సాధారణంగా ఆరోగ్యానికి హాని కలిగించే మోతాదుకంటే ముందే మనిషికి తెలిసిపోతాయి.

అపోహ: టీడీఎస్ మీటరు పెట్టి చూశాం, నీళ్లు బాగానే ఉన్నాయి.

టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలను విద్యుత్ ప్రవాహం ద్వారా అంచనా వేస్తుంది. నూనె విద్యుత్తును మోయదు కాబట్టి దానికి కనబడనే కనబడదు. మామూలు కోలిఫాం పరీక్ష కూడా క్రిముల సంగతే చెబుతుంది. ట్యాంకు కడిగాక నిండా నీళ్లు పోసి, మూత బిగించి, రెండు రోజులు ఎండలో ఉంచి, ఆ నీటిని గాజు గ్లాసులో కొద్దిగా వెచ్చచేసి వాసన చూడండి. కడిగినవాళ్ల ముక్కు అప్పటికే ఆ వాసనకు అలవాటుపడి మొద్దుబారి ఉంటుంది కాబట్టి బోటు ఎక్కని మనిషి చేత చూపించండి. బోటులో వంట చేసేవారు, పిల్లలు ఉండేవారు ఇంకో అడుగు వేసి ప్రయోగశాలకు నమూనా పంపండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఖనిజ తైలానికి (మినరల్ ఆయిల్) విడిగా పరిమితి ఉంది, ఆ పరీక్షే కావాలని పేరు చెప్పి అడగండి. నమూనాను శుభ్రమైన గాజు సీసాలోనే పట్టండి, ప్లాస్టిక్ సీసా గోడలకు నూనె అంటుకుని ఫలితం తక్కువగా వస్తుంది.