ప్లేగును ప్రాణాంతకం చేసే జన్యువులు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో వైద్య విద్యార్థులకు మైక్రోబయాలజీ బోధిస్తున్న నాకు, ప్లేగు పాఠం వచ్చిన ప్రతిసారీ ఎదురయ్యే మొదటి ప్రశ్న, "అంతమందిని చంపిన ఆ జన్యువు ఏది, సార్?" అన్నదే.

అపోహ: ఒకే ఒక జన్యువు వల్ల ప్లేగు ప్రాణాంతకమైంది.

వాస్తవం: అలాంటి జన్యువు లేదు. రంగు వేసిన స్లైడుపై రెండు చివరలా ముదురుగా, పిన్నీసులా కనిపించే ప్లేగు బ్యాక్టీరియా యెర్సీనియా పెస్టిస్‌లో క్రోమోజోముతో పాటు సాధారణంగా మూడు ప్లాస్మిడ్లు (క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలు) ఉంటాయి. వాటిలో అతి చిన్నదానిపై ఉన్న 'ప్లా' జన్యువు తయారుచేయించే ఎంజైము మన రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చి, బ్యాక్టీరియాను ఒకచోట కట్టడి చేసే ఫైబ్రిన్‌ను (రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే పోగుల ప్రొటీన్‌ను) కరిగిస్తుంది. దాంతో ప్లేగును మోసే, రక్తం పీల్చే ఫ్లీ పురుగు కుట్టిన చోటి నుంచి అది లింఫ్ గ్రంథుల దాకా సులువుగా పాకుతుంది. రెండవ ప్లాస్మిడ్ ఇచ్చే 'యోప్' ప్రొటీన్లు నేరుగా మన తెల్లరక్తకణాల లోపలికి చేరి, అవి బ్యాక్టీరియాను మింగకుండా అడ్డుకుంటాయి. మూడవది ఫ్లీ పేగులో బతకడానికీ, బ్యాక్టీరియాను బయటి నుంచి కప్పే తొడుగుకూ (క్యాప్సూల్) అవసరం.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఉష్ణోగ్రత. ఫ్లీ ఒంట్లో సుమారు 26 డిగ్రీల వద్ద అణగి ఉండే యోప్ జన్యువులు, 37 డిగ్రీల మనిషి ఒంట్లోకి రాగానే పని మొదలుపెడతాయి. అదే వేడికి బ్యాక్టీరియా పై పొరలోని లిపిడ్-ఎ అనే కొవ్వు పదార్థంలో కొవ్వు ఆమ్లాల గొలుసులు ఎక్కువగా ఆరు నుంచి నాలుగుకు తగ్గడంతో, మన రోగనిరోధక వ్యవస్థలోని టీఎల్ఆర్-4 గ్రాహకం దానిని సరిగా పసిగట్టలేదు.

అపోహ: జన్యువులు ఎంత పెరిగితే అంత ప్రమాదం.

వాస్తవం: పోగొట్టుకోవడం కూడా దీనికి కలిసొచ్చింది. దీని పూర్వజీవి యెర్సీనియా సూడోట్యూబర్క్యులోసిస్‌లోని యూరియేజ్ ఎంజైము ఫ్లీకి విషం; ప్లేగు బ్యాక్టీరియాలో అందుకు అవసరమైన ఒక జన్యువు చెడిపోవడంతో, దానిని మోసే పురుగు చావకుండా మిగిలింది.

అపోహ: ప్రయోగశాలలో బలహీనపరచిన రకం ఎవరినీ ఏమీ చేయదు.

వాస్తవం: ఇనుమును సేకరించుకొనే జన్యువులు లేని రకంపై పనిచేసిన ఒక పరిశోధకుడు 2009లో చికాగోలో మరణించారు. శరీరంలో ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య వ్యాధి ఆయనకు ఉన్నట్లు తరువాత తేలింది. బ్యాక్టీరియాకు ఉన్న లోటును ఆ అదనపు ఇనుమే తీర్చి ఉంటుందని భావించారు.

అపోహ: ఇంత తీవ్రమైన వ్యాధికి మందు ఉండదు.

వాస్తవం: తీవ్రతను పెంచే జన్యువులు వేరు, మందుకు లొంగకుండా చేసే జన్యువులు వేరు. త్వరగా మొదలుపెడితే జెంటామైసిన్, డాక్సీసైక్లిన్ వంటివి బాగా పనిచేస్తాయి. అయితే 1995లో మడగాస్కర్‌లోని ఒక రోగి నుంచి వేరుచేసిన రకం, ఒక కొత్త ప్లాస్మిడ్ వల్ల పలు మందులకు లొంగలేదు. అందుకే అనుమానిత రోగికి పరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలనీ, కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగితే అది ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్షను మానకూడదనీ మా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.