జైలు, బెయిల్, విడుదల: లాయర్‌గా నాకు రోజూ ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

న్యాయ సేవాధికార సంస్థ తరఫున జైళ్లకు వెళ్లే లాయర్ని. ములాఖత్ కోసం వచ్చిన కుటుంబాలతో మాట్లాడుతుంటే ఒకే రకం అపోహలు పదే పదే వినిపిస్తాయి. కొన్నిటివల్ల నష్టమేమీ ఉండదు. కొన్నిటివల్ల మాత్రం మనిషి నెలల తరబడి అనవసరంగా లోపలే ఉండిపోతాడు. ఈ రెండో రకం గురించే నా బాధ.

అపోహ: జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు. పద్నాలుగేళ్ల శిక్ష ఏడేళ్లకే అయిపోతుంది.

అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. 24 గంటలకు ఒకటే రోజు. శిక్షపడ్డవాళ్లకు సత్ప్రవర్తన, చేసిన పని చూసి కొన్ని రోజులు తగ్గిస్తారు, దాన్నే రెమిషన్ అంటారు. శిక్షకు ముందు రిమాండ్‌లో గడిపిన కాలాన్ని కూడా శిక్షలోంచి మినహాయిస్తారు. ఇక యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతవరకూ అని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. మరణశిక్షకు కూడా వీలున్న నేరాల్లో యావజ్జీవం పడితే, కనీసం 14 ఏళ్లు లోపల గడపందే మామూలు రెమిషన్‌తో విడుదల కుదరదు. అది కనీస గడువే. ఆ తర్వాత కూడా ప్రభుత్వం ఫైలు పరిశీలించి నిర్ణయం తీసుకోవాలి.

అపోహ: సెంట్రల్ జైలు కేంద్ర ప్రభుత్వానిది.

కాదు. రాజ్యాంగం ప్రకారం జైళ్లు రాష్ట్ర జాబితాలోవి. చంచల్‌గూడ, చర్లపల్లి అయినా, రాజమండ్రి, విశాఖపట్నం, కడప, నెల్లూరు అయినా ఆయా రాష్ట్రాల జైళ్ల శాఖవే. ఎక్కువకాలం శిక్షపడ్డవాళ్లు ఉండే పెద్ద జైలు కాబట్టి సెంట్రల్ అంటారు. దాని కింద జిల్లా జైళ్లు, సబ్‌జైళ్లు ఉంటాయి, మహిళలకు విడిగా జైళ్లున్నాయి. చర్లపల్లి, అనంతపురంలో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలున్నాయి. ఇవి ఓపెన్ జైళ్లు. మంచి ప్రవర్తన ఉన్నవాళ్లను ఎంపిక చేసి అక్కడికి పంపుతారు. జైళ్ల శాఖ, పోలీసు శాఖ వేర్వేరని కూడా చాలామందికి తెలియదు. లోపలున్న మనిషి గురించి స్టేషన్ చుట్టూ తిరిగి లాభం లేదు, జైలు సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టుకోవాలి.

అపోహ: లోపలున్నవాళ్లంతా నేరం రుజువైనవాళ్లే.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి ఇంకా తీర్పే రాలేదు. పునరావాసం అనగానే మనం మాట్లాడేదంతా మిగిలిన ఆ ఒక్కరి గురించే. శిక్షపడ్డ మనిషికి విడుదల తేదీ తెలుసు, దాన్నిబట్టి పని నేర్పొచ్చు, ఇంటివాళ్లతో ముందే మాట్లాడొచ్చు. విచారణ ఖైదీకి ఆ తేదీ తెలియదు. ఒకరోజు సాయంత్రం కోర్టు నుంచి రిలీజ్ ఆర్డర్ వస్తుంది. పేరు పిలుస్తారు. రిజిస్టర్‌లో రాసిన పుట్టుమచ్చలతో సరిచూసి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. వచ్చినప్పుడు జమచేసిన బట్టలు, పర్సు, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్ చేతికిస్తారు. గేటు బయట అతని కోసం ఎవరూ ఉండరు, ఎందుకంటే ఈరోజు వస్తాడని ఇంట్లో ఎవరికీ తెలియదు. పునరావాసం అందరికంటే ముందు మొదలుకావలసింది ఇతని దగ్గర అని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: బెయిల్ వస్తే అదే రోజు ఇంటికి.

కోర్టు బెయిల్ ఇచ్చినా షూరిటీలు, అంటే పూచీ ఉండేవాళ్లు, దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లను తరచూ చూస్తుంటాను. ఊరుకాని ఊరొచ్చి కూలి చేసుకునేవాడి కోసం ఇంటి పన్ను రసీదో, జీతం స్లిప్పో పట్టుకుని ఎవరొస్తారు? 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా ఇందుకే. పది వేల షూరిటీ అడిగారు, సోదరుడు పూచీ ఉంటానంటే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా షూరిటీ టెన్షన్ అలాగే ఉంది.

అయితే ఇప్పుడు కొన్ని దారులున్నాయి. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే, ఆ సంగతి జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. జిల్లా కమిటీ అర్హత చూసి, బెయిల్ కోసం గానీ, జరిమానా కట్టలేనివాళ్లకు గానీ డబ్బు ఇప్పించగలదు. 2023లో పథకం తెచ్చినప్పుడు బెయిల్‌కు 40 వేల రూపాయలు, జరిమానాకు 25 వేలు పరిమితిగా పెట్టారు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా), మాదకద్రవ్యాల చట్టం లాంటి కేసులకు ఇది వర్తించదు.

బెయిలే రానివాళ్లకు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479 సెక్షన్ ఉంది. గరిష్ఠ శిక్షలో సగం రిమాండ్‌లోనే గడిచిపోతే బెయిల్‌కు అర్హులు, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్షపడనివాళ్లకైతే మూడో వంతు చాలు. మరణశిక్షకు గానీ, యావజ్జీవానికి గానీ వీలున్న నేరాలకు ఇది పనికిరాదు. ఒకటికి మించి కేసులున్నా కుదరదు. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంట్‌దే. అయినా సరే, ఇంటివాళ్లు అరెస్టు తేదీ, సెక్షన్లు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. నా దగ్గరికొచ్చే చాలామందికి సెక్షన్లు తెలియవు, అక్కడే వారాలు పోతాయి.

అపోహ: జైల్లో పని అంటే వెట్టిచాకిరి.

కఠిన కారాగార శిక్ష పడితే పని తప్పనిసరి, కానీ కూలి ఇవ్వాలి. న్యాయమైన కూలే ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. విచారణ ఖైదీని పని చేయమని బలవంతపెట్టకూడదు. కులాన్నిబట్టి వంటపని ఒకరికి, పాకీపని ఒకరికి అప్పగించే నిబంధనలను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలంగాణలో జైళ్ల శాఖ పెట్రోల్ బంకులు నడుపుతోంది, ‘మై నేషన్’ పేరుతో ఖైదీలు చేసిన సరుకులు అమ్ముతోంది. నా ఉద్దేశంలో పని నేర్పడం ఒక్కటే సరిపోదు. కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో ఉండాలి, ఆ ఖాతా పుస్తకం విడుదల రోజు చేతికందాలి.

అపోహ: ఒకసారి జైలుకెళ్తే ఇక ప్రభుత్వోద్యోగం రాదు.

రిమాండ్‌కు వెళ్లినంత మాత్రాన నేరస్తుడు కాడు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: దరఖాస్తులో అడిగితే నిజమే రాయాలి, చిన్న కేసైతే అధికారులు మన్నించే వీలుంది. కేసు రికార్డును చెరిపేసే మార్గం ఉందంటూ డబ్బు గుంజే దళారులను నమ్మి కేసు దాచిపెట్టినవాళ్లు ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు. కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీ వెంటనే తీసుకుని భద్రంగా పెట్టుకోవాలి.

కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పొందే హక్కుంది. ఇంటివాళ్లు 15100కు ఫోన్ చేయొచ్చు. లేదంటే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు ఖైదీ పేరు, తండ్రి పేరు, జైలు పేరు, కేసు నంబరు రాసివ్వండి. కేసు నంబరు తెలియకపోతే మిగతావి రాసిచ్చినా తీసుకుంటాం.