చలికాలం గ్యారేజీలో కుండీలు: అపోహలు - వాస్తవాలు

చలి తగ్గే రోజుల్లో నర్సరీకి ఎండిన మొక్కలు మోసుకొచ్చేవాళ్లంతా ఒకటే మాట అంటారు: "చలికి పోయిందండీ." కుండీ ఎత్తితే బెండులా లేస్తుంది. మట్టిగడ్డ అంచుల్ని వదిలేసి ఉంటుంది, చుట్టూ వేలు దూరేంత సందు. గ్యారేజీలో పెట్టిన మొక్కల్లో, నేను చూసినంతలో, చలికి పోయినవాటికన్నా నీళ్లు లేక ఎండిపోయినవే ఎక్కువ.

అపోహ: నిద్రావస్థలో ఉన్న మొక్కకు నీళ్లతో పనిలేదు.

ఆకులు రాలాక నీటి వాడకం బాగా తగ్గుతుంది గానీ ఆగిపోదు. వేర్లు బతికే ఉంటాయి, కొమ్మల నుంచి తేమ పోతూనే ఉంటుంది. మూడు నాలుగు వారాలకోసారి మట్టిలోకి రెండంగుళాలు వేలు దించి చూడండి. పొడిగా తగిలితే మట్టి తడిసేంత పోయండి, అడుగున నీళ్లు నిలవనీయకండి. మట్టి గడ్డకట్టి ఉంటే ఆ రోజు మానేసి, కరిగాక పోయండి. ఎరువు మాత్రం కొత్త చిగురు వచ్చేదాకా చిటికెడు కూడా వద్దు.

అపోహ: నేలలో మంచును తట్టుకునే మొక్క కుండీలోనూ తట్టుకుంటుంది.

కొమ్మలు ఓర్చుకునే చలిని వేర్లు ఓర్చుకోలేవు. నేలలో ఉన్నప్పుడు వాటి చుట్టూ ఉన్న మట్టి చాలా నెమ్మదిగా చల్లబడుతుంది. కుండీకి ఆ రక్షణ లేదు, అన్ని వైపులా చల్లగాలే. అందుకే చలికాలమంతా బయటే ఉంచే కుండీకి, మీ ప్రాంతం కన్నా రెండు జోన్లు (శీతాకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి విభజించిన మండలాలు) ఎక్కువ చలిని తట్టుకునే మొక్కను ఎంచుకోమంటారు. అమెరికా వ్యవసాయ శాఖ పటంలో ఒక్కో జోన్‌కు తేడా సుమారు 5.6 డిగ్రీల సెల్సియస్. అంత ఓపిక లేని మొక్కలకే గ్యారేజీ.

అపోహ: హీటర్ పెడితే మొక్కకు ఇంకా సుఖం.

ఇది వినగానే నాకు చిరాకేస్తుంది. అంజూర, గులాబీ, హైడ్రేంజియా లాంటి ఆకురాల్చే మొక్కలకు 0 నుంచి 7 డిగ్రీల మధ్య చలి కావాలి. వెచ్చబడితే శీతాకాలం నడుమే నిద్ర లేస్తాయి. వెలుతురు లేక తెల్లగా, పొడుగ్గా, బలం లేని చిగుళ్లు సాగుతాయి. దాచుకున్న ఆహారమంతా వాటికే ఖర్చయిపోతుంది. నిద్రలో ఉంటే వీటికి కిటికీ కూడా అక్కర్లేదు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటర్ ఒకటి కుండీల పక్కనే నేల మీద పెట్టండి. తలుపు దగ్గరికీ, ఇంటిని ఆనుకున్న గోడ దగ్గరికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. కుండీలకు ఆ గోడ పక్కే మంచిది.

తొందరపడి లోపల పెట్టడమూ ఇలాంటిదే. ఆకులు రాలి, రెండు మూడు తేలికపాటి మంచులు తగిలాక తెస్తే గాఢంగా నిద్రపోతాయి.

అపోహ: ఏ మొక్కైనా గ్యారేజీలో నెట్టుకొస్తుంది.

మందార, కరివేపాకు నెట్టుకురావు. 10 డిగ్రీల లోపు వాటికి కష్టమే, ఇంట్లో ఎండ పడే కిటికీ చూడండి. నిమ్మ, రోజ్‌మేరీ చల్లదనాన్ని ఓర్చుకుంటాయి గానీ ఆకులుంటాయి కాబట్టి వెలుతురు తప్పదు. డాలియా, మెట్టతామరలకు మంచు తగిలి ఆకులు నల్లబడ్డాక కాడలు కోసి, దుంపలు తవ్వి కొద్దిపాటి తేమ ఉన్న రంపపు పొట్టులో దాచండి. వాటికి 4 నుంచి 10 డిగ్రీలు సరిపోతాయి.

ఇంకో మాట. తలుపు మూసిన గ్యారేజీలో కారు ఇంజిన్ నడపకండి. పొగలోని ఇథిలీన్‌కు మొక్కలు ఆకులు రాల్చేస్తాయి. వాటి సంగతి అటుంచండి, ఆ పొగ మనుషుల ప్రాణాలే తీస్తుంది.

అపోహ: వసంతంలో చిగురు రాకపోతే చచ్చినట్టే.

గోటితో బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమరంగు కనిపిస్తే ఇంకాస్త కిందికి, మొదలు దాకా గీకుతూ రండి. అంజూరకు పైకొమ్మలన్నీ పోయినా మొదలు నుంచి కొత్తగా లేచే అలవాటుంది. బాగా వెచ్చబడి నెల గడిచేదాకా దాన్ని పారేయకండి.