జుట్టు మాత్ర వాడుతూ ఫంగస్ మందు మొదలుపెట్టేటప్పుడు

తామర చూపించుకోవడానికి వెళ్లినప్పుడు వైద్యులు "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, చాలామంది నోట "లేదండీ" అన్న జవాబే వస్తుంది. జుట్టు రాలకుండా రోజూ వేసుకునే మాత్ర ఆ క్షణంలో మందుగా గుర్తుకు రాదు; వచ్చినా చెప్పుకోవడానికి మొహమాటం. తప్పకుండా చెప్పవలసిన మాట అదే.

జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర, టెస్టోస్టెరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మార్చే ఎంజైమును అడ్డుకొని, రక్తంలో ఆ రెండో హార్మోనును దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. ఆ తరువాత మందును విరగగొట్టే పని ప్రధానంగా కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైముది. ఫంగస్‌కు ఇచ్చే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ మాత్రలు సరిగ్గా ఈ ఎంజైమునే గట్టిగా అణచివేస్తాయి, ఫ్లూకొనజోల్ ఒక మోస్తరుగా అణుస్తుంది. అందువల్ల ఫినాస్టెరైడ్ రక్తంలో మామూలుకన్నా ఎక్కువగా నిలిచే అవకాశం ఉంది. అయినా కంగారు అక్కరలేదు: రోజుకు 80 మిల్లీగ్రాముల వరకు మూడు నెలలపాటు ఇచ్చి చూసిన పరీక్షల్లో కూడా దుష్ఫలితాలు కనిపించలేదు. జుట్టుకే వాడే మరో మందు డ్యూటాస్టెరైడ్ సంగతి వేరు. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికే సుమారు ఐదు వారాలు పడుతుంది కనుక, నాలుగు రోజులు మానేస్తే అది పోదు. గట్టిగా అణచివేసే ఫంగస్ మందును ఎక్కువ కాలం వాడవలసి వస్తే ముందే ఆలోచించుకోవాలి.

జుట్టుకు వాడే మరో మందు మినాక్సిడిల్ మాత్ర విషయంలో చిక్కు మరోచోట ఉంది, నా దృష్టిలో అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. దాన్ని విరగగొట్టేది ప్రధానంగా ఈ ఎంజైము కాదు, కాని ఆ మాత్ర ఒంట్లో నీరు నిలిచేలా చేయగలదు. ఇట్రాకొనజోల్ గుండె కొట్టుకునే బలాన్ని తగ్గించగలదు, గుండె వైఫల్యం ఉన్నవారికి ప్రమాదకరం. రెండూ కలిసినప్పుడు సాయంత్రానికి చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోవడం, పడుకుంటే ఆయాసం రావడం కనిపిస్తే వెంటనే వైద్యులకు చెప్పాలి.

మరో ఫంగస్ మందు టెర్బినాఫిన్ సీవైపీ3ఏ4ను పెద్దగా అణచదు. దాని ప్రభావం సీవైపీ2డీ6 అనే వేరే ఎంజైము మీద. కాబట్టి ఫినాస్టెరైడ్ వాడేవారికి ఈ కోణంలో అది అనుకూలమైనది. కాకపోతే కాలి గోళ్లకు పన్నెండు వారాలు వాడవలసిన మందు కాబట్టి, మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఆకలి చచ్చిపోయినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వైద్యులను కలవాలి. కీటోకొనజోల్ మాత్రల వాడకాన్ని కాలేయానికి కలిగే హాని వల్లనే 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బాగా పరిమితం చేసింది. అదే మందు షాంపూగా వాడితే రక్తంలోకి చేరేది లేదన్నంత తక్కువ, దానికి ఈ భయాలేవీ వర్తించవు.

ఫంగస్ మందు పూర్తయ్యేదాకా ఫినాస్టెరైడ్ ఆపమని వైద్యులు చెబితే దిగులుపడనక్కరలేదు. ఆ మాత్ర మానేశాక దానివల్ల కలిగిన మేలు పోవడానికి నెలలు పడుతుంది, కొద్ది వారాల విరామంలో పోదు.