సైబర్నెటిక్స్ కూటములు నాలుగో వారానికే ఎందుకు పలచబడతాయి?

బెంగళూరులో సైబర్నెటిక్స్ మీద, అంటే జంతువైనా యంత్రమైనా తన పని ఫలితాన్ని చూసి తనను తాను సరిదిద్దుకునే తీరును చదివే శాస్త్రం మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లకు కొదవ లేదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు కంట్రోల్ సిస్టమ్స్‌లో, రోబోటిక్స్‌లో పనిచేసేవాళ్లున్నారు. ఊరివాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్సీలో పరిశోధన చేసేవాళ్లున్నారు. శనివారం ఎవరింటి డాబా మీదో, అపార్టుమెంటు క్లబ్‌హౌసులోనో కలుద్దామనుకుంటారు. మొదటి వారం కుర్చీలు చాలవు. నాలుగో వారానికి పిలిచినవాళ్లే మిగులుతారు. తీరిక లేదంటారు, అవుటర్ రింగ్ రోడ్డు దాటి రాలేమంటారు. రెండూ నిజమే. అయితే అసలు చిక్కు కూర్చునే పద్ధతిలోనే ఉంది. ఒకరు స్లైడ్లు వేసుకుని గంటన్నర మాట్లాడతారు, చివర పది నిమిషాలు ప్రశ్నలకు వదులుతారు. చెప్పేది ఫీడ్‌బ్యాక్ గురించి, అంటే ఫలితం తిరిగివచ్చి పనిని సరిదిద్దడం గురించి. ఆ గదిలో లేనిది అదే.

ఇందులో తప్పేమిటో నీళ్ల ట్యాంకు చెబుతుంది. సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకు ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. నీటిమట్టాన్ని ఒకే గీత దగ్గర చూసేలా దాన్ని బిగిస్తే, ఆ గీత దగ్గర అల కదిలినప్పుడల్లా మోటారు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటుంది. కొన్నాళ్లకు స్టార్టర్‌లోని కాంటాక్టులు కాలిపోతాయి. అందుకే పావు ట్యాంకుకు దిగితే మొదలవ్వాలి, నిండితే ఆగాలి అని రెండు గీతలు పెడతారు. ఇక ట్యాంకు నిండిందన్న కబురు మోటారుకు పది నిమిషాలు ఆలస్యంగా అందిందనుకోండి, నీళ్లు డాబా మీంచి పారతాయి. గంటన్నర ఉపన్యాసం తర్వాత అడిగే ప్రశ్న ఆ ఆలస్యపు కబురే. మూడో స్లైడు దగ్గర అర్థంకానివాడికి ముప్పయ్యో స్లైడు దగ్గర నోరు తెరిచే అవకాశం వస్తే, ఏం అడగాలో కూడా మరిచిపోయి ఉంటాడు.

ఈ శాస్త్రం ఉపన్యాసాల్లో పుట్టలేదు. మాట మధ్యలో అడ్డుపడే హక్కు అందరికీ ఉన్న చిన్న గదుల్లో పుట్టింది.

1942 మేలో న్యూయార్క్‌లో జోసయా మేసీ ఫౌండేషన్ ఒక చిన్న సమావేశం పెట్టింది. నాడీశాస్త్రవేత్త ఆర్తురో రోసెన్‌బ్లూయెత్ అక్కడ ఒక ఆలోచన ముందుపెట్టాడు. గణితవేత్త నార్బర్ట్ వీనర్, ఇంజనీరు జూలియన్ బిగెలోలతో కలిసి అల్లిన ఆలోచన అది. ఫలితం తిరిగివచ్చి కారణాన్ని సరిదిద్దే ఏర్పాటు ఉంటే, గురి అనేది జంతువులోనూ యంత్రంలోనూ ఒకే తీరున పనిచేస్తుందని దాని సారం. విన్నవాళ్లలో మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ ఒకరు. ఆ ఉత్సాహంలో తన పన్ను విరిగిన సంగతి సమావేశం ముగిసేదాకా గమనించలేదని ఆమె తర్వాత చెప్పింది.

యుద్ధం ముగిశాక 1946 మార్చిలో మేసీ సమావేశాలు వరసగా మొదలై 1953 దాకా పది జరిగాయి. నాడీశాస్త్రవేత్త వారెన్ మెకల్లక్ అధ్యక్షుడు. శాశ్వత సభ్యులు సుమారు ఇరవైమంది, ప్రతిసారీ కొందరు అతిథులు. గణితవేత్త వాన్ నాయ్‌మన్ పక్కన మనోవైద్యుడు, వీనర్ ఎదురుగా మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్సన్. పత్రం పూర్తిగా చదివి వినిపించడం ఆనవాయితీ కాదు. మొదలుపెట్టిన నాలుగు వాక్యాలకే ఎవరో ఆపేవారు, చర్చ అక్కడి నుంచే నడిచేది. మొదటి అయిదు సమావేశాల చర్చలు అచ్చు కాలేదు. ఆరో దాని నుంచి పదో దానిదాకా అయిదు సంపుటాలు వచ్చాయి, అడ్డుతగిలిన మాటలతో సహా. 1949లో వాటి సంపాదకుడైన హైన్జ్ ఫాన్ ఫెర్‌స్టర్ అప్పుడప్పుడే వియన్నా నుంచి వచ్చినవాడు, ఇంగ్లీషు ఇంకా పట్టుబడలేదు. వలయ కారణత్వం, ఫీడ్‌బ్యాక్ అంటూ సాగే సమావేశం పేరు తనకు నోరు తిరగడం లేదని, వీనర్ 1948 పుస్తకం పేరునే దీనికీ పెడదామని ప్రతిపాదించాడు. అలా సైబర్నెటిక్స్ అన్న పేరు స్థిరపడింది. గ్రీకులో ఆ మాటకు మూలం చుక్కాని పట్టేవాడు. లాటిన్ మీదుగా వచ్చిన గవర్నర్ కూడా అదే మాట. ఆయిల్ ఇంజను వేగాన్ని పట్టి ఉంచే భాగాన్ని మన మెకానిక్కులు ఈనాటికీ గవర్నరనే అంటారు. సైబర్ అనగానే నేరాలే గుర్తొచ్చే ఈ రోజుల్లో కొత్తవాళ్లకు ఆ ఇంజను దగ్గర మొదలుపెట్టి చెప్పడం మేలు.

లండన్‌లో ఇదే పనిని ఇంకా చిన్నగా చేశారు. నాడీవైద్యుడు జాన్ బేట్స్ 1949లో రేషియో క్లబ్బు పెట్టాడు. మొదటి సమావేశం సెప్టెంబరు 14న, క్వీన్ స్క్వేర్ నాడీరోగాల ఆసుపత్రి నేలమాళిగలో. ఇరవైమంది చుట్టుపక్కల సభ్యులు. కంప్యూటర్ సిద్ధాంతకర్త అలన్ ట్యూరింగ్, మనోవైద్యుడు రాస్ ఆష్బీ, మెదడు పరిశోధకులు గ్రే వాల్టర్, హొరేస్ బార్లో అందులోవాళ్లే. ప్రొఫెసర్లకు ప్రవేశం లేదు. సభ్యుల్లో ఎవరైనా ఆ హోదాకు ఎదిగితే తప్పుకోవాలన్నది మొదటి నియమం. చూడడానికి మొండి నియమమే, అయితే దాని లెక్క సరైనది. గదిలో ఒకరి మాట బరువు మిగతావారికంటే ఎక్కువైతే, మిగతావాళ్లు తప్పు చూపించడం మానేస్తారు. మన కూటముల్లో ఆ బరువు కంపెనీలో పైహోదా రూపంలో వస్తుంది. సోమవారం తన పనికి మార్కులు వేసే మేనేజరును శనివారం ఎవరు ఆపుతారు? ఒకే టీమువాళ్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టకపోవడం ఆ పాత నియమానికి ఇక్కడి రూపం.

ఆ రెండు కూటములకూ బలమిచ్చింది బల్ల మీది యంత్రం. 1951 మేసీ సమావేశానికి సమాచార సిద్ధాంతకర్త క్లాడ్ షానన్ పాతిక గళ్ల చిక్కుదారిలో దారి వెతికే యంత్రం తెచ్చాడు. గమ్యాన్ని తీసేస్తే అది ఒకే వలయంలో చిక్కుకుని తిరుగుతుంది, ఆ పిచ్చి వలయాన్ని తెంచడానికి వేరే సర్క్యూట్ ఉంది. మరుసటి ఏడాది ఆష్బీ తన హోమియోస్టాట్ గురించి చెప్పాడు. నాలుగు పెట్టెలు, ఒక్కోదాంట్లో ఇరవైఅయిదు స్థానాల స్విచ్, మొత్తం 3,90,625 అమరికలు. సమతుల్యం తప్పితే అది గుడ్డిగా స్థానాలు మార్చుకుంటూ నిలకడ దొరికినచోట ఆగుతుంది. దీన్ని నేర్చుకోవడం అనవచ్చా అని బిగెలో నిలదీశాడు. యంత్రం ఉంది కాబట్టి ఆ వాదన మాటల దగ్గర ఆగకుండా తీగల దాకా వెళ్లింది.

బెంగళూరులో ఇలాంటిదొకటి కట్టాలంటే ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే ఎస్.పి. రోడ్డు ఉంది. చాలామంది గ్రే వాల్టర్ తాబేలుతో, అంటే వెలుతురును వెతుక్కుంటూ పోయే చిన్న చక్రాల రోబోతో మొదలుపెడతారు, మొదట్లోనే పొరబడతారు. రెండు కళ్లలా రెండు ఎల్‌డీఆర్‌లు (వెలుతురును బట్టి నిరోధం మారే భాగాలు), రెండు చక్రాలు పెట్టి దాన్నే తాబేలంటారు. వాల్టర్ 1948–49లో బ్రిస్టల్‌లో కట్టిన ఎల్మర్, ఎల్సీలకు ఉన్నది ఒక్కటే కన్ను. అది ముందుచక్రంతో పాటు తిరుగుతూ ఉంటుంది, చక్రం ఎటుంటే కన్నూ అటే. వెలుతురు కనబడేదాకా వెతకడం, కనబడగానే తిరగడం ఆపి అటు సాగడం అందులోంచే వస్తాయి. రెండు కళ్ల బండి వెలుగు వైపు తిరుగుతుందే గాని వెతకదు.

అందుకని ఒకే ఎల్‌డీఆర్‌ను ముందుచక్రం ఇరుసు మీద బిగించి, నల్ల స్లీవు తొడగాలి. స్లీవు లేకపోతే అన్నివైపుల నుంచీ వెలుతురు పడి గది అంతా ఒకేలా కనిపిస్తుంది. ఇరుసు గుండ్రంగా తిరుగుతూ పోతే తీగలు మెలితిరిగి తెగుతాయి కాబట్టి, చెప్పిన కోణానికి తిరిగి ఆగే సర్వో మోటారుతో 180 డిగ్రీలు అటూ ఇటూ ఊపడం తేలిక. దీర్ఘచతురస్రాకారపు 9 వోల్టుల బ్యాటరీ కొనవద్దు. మోటారు మొరాయించిన క్షణంలో లాగే కరెంటును అది ఇవ్వలేదు, వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. నాలుగు పెన్సిల్ సెల్స్ నయం. ప్రతి మోటారు కాళ్ల మధ్య 104 అని రాసి ఉన్న (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్ టంకం వేయకపోతే బ్రష్షుల నుంచి వచ్చే విద్యుత్ రొద సర్వోను వణికిస్తుంది. ట్యూబులైటు కింద రీడింగులు ఊగితే రెండు మూడు చదువులు కాదు, కనీసం 20 మిల్లీసెకన్ల సగటు తీసుకోవాలి. 50 హెర్ట్జ్ కరెంటుకు వెలుతురు సెకనుకు వందసార్లు కొట్టుకుంటుంది. ఇవన్నీ ఒక సాయంత్రంలో సరిదిద్దేవే, ఆ సరిదిద్దడమే కూటమికి పని.

మన దేశానికి ఈ ఆలోచన ఆలస్యంగా వచ్చిందనుకోవడం పొరపాటు. 1954 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ హైదరాబాదులో జరిగినప్పుడు వీనర్ స్వయంగా వచ్చాడు. 1955–56లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో విజిటింగ్ ప్రొఫెసర్‌గా నెలలపాటు ఉన్నాడు. పొగగొట్టాల మురికివాడల దశను దాటవేసి, నైపుణ్యమున్న టెక్నీషియన్లను తయారుచేసుకుని ఆటోమేటిక్ ఫ్యాక్టరీల వైపు భారత్ నేరుగా అడుగువేయవచ్చని ఆయన నమ్మాడు. ఆ నమ్మకానికి తగ్గ పరిశోధన తర్వాత బాగానే పెరిగింది. ఐఐఎస్సీలో 1969లో స్కూల్ ఆఫ్ ఆటోమేషన్ వచ్చింది, నేటి కంప్యూటర్ సైన్స్ అండ్ ఆటోమేషన్ విభాగం అదే. 1986లో బెంగళూరులో కృత్రిమ మేధ, రోబోటిక్స్ కోసం డీఆర్‌డీఓ కెయిర్ సంస్థను నెలకొల్పింది. దాని తొలి డైరెక్టర్ కంట్రోల్ సిద్ధాంతంలో పేరున్న గుంటూరువాడు మాతుకుమల్లి విద్యాసాగర్. ఇండియన్ కంట్రోల్ కాన్ఫరెన్సు 2015లో చెన్నై ఐఐటీలో మొదలై, మరుసటేడు హైదరాబాదుకు వచ్చింది.

పెరిగినదంతా విడివిడి శాఖలుగా పెరిగింది. కంట్రోల్ ఒక విభాగం, కంప్యూటర్లు ఒకటి, మెదడు శాస్త్రం మరొకటి. ఒక్కోదానికీ సొంత కాన్ఫరెన్సు, సొంత పత్రిక. అన్నిటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ఎవరి ఉద్యోగంలోనూ లేదు. కనుక అది శనివారాల కూటములకు మిగిలింది.

నిలకడ నేర్చుకోవాలంటే ఈ ఊళ్లోనే గురువుంది. గౌరిబిదనూరు తాలూకా నుంచి వచ్చిన హెచ్. నరసింహయ్య 1962లో బసవనగుడి నేషనల్ కాలేజీలో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టారు. అక్కడ జరిగేవి ఉపన్యాసాలే, అయినా దశాబ్దాలు నిలిచాయి. బుధవారం అంటే బుధవారమే, అదే ప్రాంగణం, ఎవరైనా రావచ్చు. ఈసారి ఎక్కడ, ఎప్పుడు అని ప్రతివారం ఓటింగు పెట్టే కూటమి సగం శక్తిని అక్కడే ఖర్చు చేసుకుంటుంది. కలిసే వారం, చోటు కదలకూడదు, లోపలి మాట కదలాలి.

అమెరికన్ సొసైటీ ఫర్ సైబర్నెటిక్స్ 1964లో ఏర్పడింది. 1967లో దాని తొలి వార్షిక సదస్సులో మార్గరెట్ మీడ్ ఒక సూటి మాట అడిగింది. ఈ సంఘం తన సూత్రాలను తన నిర్మాణానికే ఎందుకు వర్తింపజేసుకోకూడదని. దానికి ఆచరణ రూపం ఇచ్చినవాళ్లలో సంస్థల నిర్వహణకు సైబర్నెటిక్స్‌ను వాడిన బ్రిటన్‌వాడు స్టాఫర్డ్ బీర్ ముఖ్యుడు. చిలీలో 1971–73 మధ్య ప్రభుత్వ ఫ్యాక్టరీలను టెలెక్స్ యంత్రాలతో కలిపిన సైబర్‌సిన్ ప్రాజెక్టు రూపకర్త. 1990లలో ఆయన ముప్పయిమంది కూర్చునే పద్ధతి ఒకటి కట్టాడు. ఇరవై ముఖాల ఘనాకృతిలో పన్నెండు మూలలు పన్నెండు అంశాలు, ముప్పయి అంచులు ముప్పయిమంది మనుషులు. ప్రతి మనిషీ రెండు అంశాలకు వారధి, తల కుర్చీ ఎక్కడా లేదు.

ముప్పయిమంది మనకు దొరకరు. ఎనిమిది ముఖాల ఆకృతి తీసుకుంటే పన్నెండుమందితో సరిపోతుంది. ఆరు అంశాలు: క, ఖ, గ, ఘ, చ, ఛ. క–ఖ, గ–ఘ, చ–ఛ ఎదురెదురు జంటలు. జంటలోని రెండు అంశాలూ ఒకే సమయంలో రెండు గదుల్లో నడుస్తాయి. వేర్వేరు జంటల నుంచి ఒక్కో అక్షరం తీసుకుని పన్నెండు చీటీలు రాయాలి: కగ, కఘ, ఖగ, ఖఘ, కచ, కఛ, ఖచ, ఖఛ, గచ, గఛ, ఘచ, ఘఛ. ఎవరి చీటీలోని రెండు అంశాలూ ఒకేసారి రావు. ప్రతి అంశానికీ నలుగురు. ఒక జంట నడిచేటప్పుడు ఎనిమిదిమంది మాట్లాడతారు, మిగిలిన నలుగురు గదికిద్దరు చొప్పున కూర్చుని వింటారు. వాళ్లకు చివరి ఎనిమిది నిమిషాల దాకా మాట లేదు, ఆ తర్వాత విమర్శ వాళ్లదే. ఒక్కో జంటకు నలభై నిమిషాలు, మూడు జంటలకు రెండు గంటలు. ఇలా మూడు విడతలు తిరగాలి. ఒక విడతతో ఆపితే క గదిలో పుట్టిన ఆలోచన గ గది దాకా వెళుతుందే గాని మారి తిరిగిరాదు. మధ్యలో భోజనం, మొదటా చివరా ఒక్కో అరగంట కలుపుకుంటే ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదు.

ఒకరు రాకపోతే ఆ చీటీని వట్టిగా వదలకూడదు, రెండు అంశాల మధ్య తీగ తెగినట్టే. అలాగని ఎవరికి పడితే వాళ్లకు రెండో చీటీ ఇవ్వకూడదు. కగ ఉన్నవారికి కఘ ఇస్తే గ, ఘ ఒకే సమయంలో పడి ఇరుక్కుంటారు. కచ ఇస్తే చిక్కు లేదు. ఆ మనిషికి వినే వంతు పోయి, మూడు జంటల్లోనూ మాట్లాడాల్సి వస్తుంది, అంతే. రానివాళ్లు ఇద్దరికి మించితే మాత్రం ఆ రోజుకు చీటీలు పక్కనపెట్టి, తాబేలును బల్ల మీదికి తీయడమే మంచిది.

అంశాలను ముందుగా నిర్వాహకులు నిర్ణయించేస్తే ఈ పద్ధతి మొత్తం వృథా. తొలి అరగంటలో వచ్చినవాళ్లంతా తలో రెండు వాక్యాలు కాగితం మీద రాసి గోడకు అంటించాలి, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కలుపుతూ ఆరుకు తేవాలి. చివరి అరగంట ఆ రోజు కూర్చున్న తీరు గురించే. ఏ గదిలో ఎవరి గొంతు వినబడలేదు, విమర్శకు ఎనిమిది నిమిషాలు చాలాయా, భోజనం తర్వాతి జంట ఎందుకు చల్లబడింది. అక్కడ తేలిన మార్పు ఒక్కటి రాసిపెట్టుకుని, వచ్చే శనివారం ఆ ఒక్కదాన్నే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.